ఎండ ముదిరేలోపు దిగాలి

విజయవాడలో మే నెల వచ్చిందంటే పనులన్నీ పొద్దున తొమ్మిదిలోపే. రైతుబజారుకి వెళ్లినా, శుభలేఖలు పంచడానికి వెళ్లినా ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చి పడాలి. ఆ తర్వాత రోడ్ల మీద కనిపించేది డెలివరీ కుర్రాళ్లు, గత్యంతరం లేక తిరిగేవాళ్లు. సరిగ్గా అదే మే నెలలో, నిలువెల్లా మంచు కప్పుకున్న ఒక అగ్నిపర్వతం మీద కూడా ఇదే లెక్క నడుస్తుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మంచులో ఎండేంటి, ముదరడమేంటి అన్నారు.

నేను వెళ్లింది అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్‌కి. ఎత్తు 10,781 అడుగులు, అంటే 3,286 మీటర్లు. హిమాలయాల ముందు ఇదో కొండా అనిపిస్తుంది గానీ, ఆ ప్రాంతంలోని క్యాస్కేడ్ పర్వతశ్రేణి అగ్నిపర్వతాల్లో మౌంట్ రైనియర్ తర్వాత ఎక్కువ హిమానీనదాలున్నది దీని మీదే. లిఫ్టు, రోప్‌వే ఏమీ లేకుండా స్కీలు కాళ్లకి తొడుక్కుని పైదాకా ఎక్కి, అవే స్కీల మీద జారుకుంటూ కిందికి రావాలి. దీన్నే స్కీ మౌంటెనీరింగ్ అంటారు. 2026 మిలానో కోర్టినా వింటర్ ఒలింపిక్స్‌లో దీన్ని మొదటిసారి ఒక ఆటగా చేర్చారు. అక్కడ జరిగేది నిమిషాల్లో తేలిపోయే పందెం. మాది అర్ధరాత్రి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా సాగే వ్యవహారం.

ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాక అందరూ అడిగిన ప్రశ్నలు ఇంచుమించు ఒకటే: జారి పడితే? చలి ఎలా ఆగింది? ఎంతయింది? ఒకసారి వివరంగా రాసేస్తే ఒక్కొక్కరికీ చెప్పే పని తప్పుతుంది.

ఉద్యోగం కోసం కొన్నేళ్లు సియాటిల్‌లో ఉన్నప్పుడు దగ్గర్లోని స్నోక్వాల్మీలో స్కీయింగ్ నేర్చుకున్నాను. తర్వాత విజయవాడ పటమటకి తిరిగొచ్చేసి ఇంటి నుంచే పని చేస్తున్నాను. మా బాబాయి కొడుకు ఇప్పటికీ అక్కడే, బెల్‌వ్యూలో ఉంటాడు. "అక్కా, మే నెలలో వస్తే బేకర్‌కి వెళ్దాం, గైడుని నేను మాట్లాడతా, నువ్వు కాళ్లు మాత్రం సిద్ధం చేసుకుని రా" అన్నాడు. సముద్రమట్టానికి అటూ ఇటూగా ఉండే ఊళ్లో కూర్చుని కాళ్లు సిద్ధం చేసుకోవడమంటే మెట్లే దిక్కు. రోజూ ఉదయం గాంధీ కొండ, ఆదివారాలు కొండపల్లి కోట, కుదిరినప్పుడల్లా మంగళగిరి. బ్యాగులో రెండేసి లీటర్ల నీళ్ల సీసాలు నింపుకుని ఎక్కేదాన్ని. దిగేటప్పుడు మోకాళ్లు అరగకూడదని నీళ్లు పైనే పారబోసేదాన్ని. కొండపల్లిలో ఒక మొక్కకి ఆ నీళ్లు బాగానే పట్టాయి.

మంగళగిరి గురించి ఒక మాట చెప్పాలి. పానకాల స్వామి కొండ ఒకప్పటి అగ్నిపర్వతమని, లోపలి గంధకం వేడి చల్లారడానికే స్వామికి పానకం పోస్తారని మా వైపు చిన్నప్పటి నుంచీ వింటాం. భూగర్భశాస్త్రం ప్రకారం మాత్రం ఈ కొండలు తూర్పు కనుమల పాత రాయి, ఖొండలైట్, చార్నొకైట్ రకం. లావాతో పుట్టినవి కావు. ఆ మాట మా అమ్మమ్మ దగ్గర అంటే, "నీకు తెలిసిందా, స్వామికి తెలిసిందా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆవిడ కట్టిచ్చిన పానకం పొడి, అదే బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు, నిజమైన అగ్నిపర్వతం మీద నాకు బాగా పనికొచ్చింది. ఆ సంగతి తర్వాత.

మెట్లు ఎక్కితే ఊపిరి, కాళ్లు సిద్ధమవుతాయి. తాడు పని వేరే. హిమానీనదం అంటే కదలకుండా పడున్న మంచు కాదు. బరువుకి నెమ్మదిగా కిందికి పాకే మంచు. కింది నేల వంపు తిరిగిన చోటల్లా దానికి నెర్రెలు పడతాయి. ఒక్కో నెర్రె లోతు రెండు మూడు అంతస్తుల మీద ఉండొచ్చు. చలికాలం కురిసిన మంచు వాటి నోళ్ల మీద కప్పులా పేరుకుని మూసేస్తుంది. అందుకే వసంతంలో స్కీలకి దారి దొరుకుతుంది, అందుకే భయమూ. కప్పు విరిగి ఒకరు లోపల పడితే మిగతావాళ్లు తాడుతో పైకి లాగాలి.

ఆ లాగుడు సాధన నేను మా అపార్ట్‌మెంట్ డాబా మీద చేశాను. నీళ్ల ట్యాంకు స్తంభానికి స్లింగు అనే గట్టి పట్టీ కట్టి, రెండు చిన్న కప్పీలు, పెద్ద తాడుని బిగించి పట్టుకునే సన్నటి ప్రూసిక్ తాళ్లతో మూడింతల బలం వచ్చే ఏర్పాటు చేసి, పిట్టగోడ అవతల వేలాడదీసిన 26 కిలోల బియ్యం బస్తాని పైకి లాగడం. లెక్క ప్రకారం మూడో వంతు బలం చాలాలి. నిజంగా లాగితే పిట్టగోడ అంచు దగ్గర తాడు రాపిడికే సగం ఓపిక పోతుంది. మంచు అంచులోకైతే తాడు కోసుకుంటూ దిగిపోతుంది, అది ఇంకా కష్టం. అందుకే అంచు దగ్గర తాడు కింద ఐస్ యాక్స్, అంటే మంచు గొడ్డలి, కర్రో బ్యాగో పెట్టాలి. నేను పాత తలగడ పెట్టాను. వడియాలు ఎండబెట్టడానికి పైకొచ్చిన అమ్మ కాసేపు చూసి, "లిఫ్టు బాగానే ఉంది కదమ్మా, బియ్యం అందులో తెచ్చుకోవచ్చుగా" అంది. వాచ్‌మన్ కింద నిలబడి బస్తా వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

నాన్నకి కొండలు అనగానే గుర్తొచ్చేది మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కినాయన. 2015 మార్చిలో ఆండీస్‌లో సెర్రో ట్రెస్ క్రూసెస్ దగ్గర తప్పిపోయారు, ఏప్రిల్‌లో మృతదేహం దొరికింది. అదీ అగ్నిపర్వతాల గుంపే. నాన్న ఆ పేపర్లు ఇంకా దాచిపెట్టుకున్నారు. నేను వాదించలేదు. గైడు ఉంటారు, తాడు ఉంటుంది, వాతావరణం బాగాలేకపోతే కారు దగ్గరే ఆగిపోతాం, పన్నెండు గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాం అని చెప్పాను. "పన్నెండు అంటే పన్నెండే" అన్నారు.

వాతావరణం చూసుకోవడంలో ముఖ్యమైనది వాన రావడం, రాకపోవడం ఒక్కటే కాదు. సున్నా డిగ్రీలు ఏ ఎత్తులో ఉంటుందన్నది కూడా చూడాలి. దాన్ని ఫ్రీజింగ్ లెవెల్ అంటారు. పగలు ఎండకి పైపొర కరగాలి, రాత్రి మబ్బుల్లేకుండా ఉంటే ఆ వేడి ఆకాశంలోకి పోయి మళ్లీ గడ్డకట్టాలి. ఇలా కొన్నాళ్లు కరుగుతూ గడ్డకడుతూ ఉంటే మంచు రేణువులు గుండ్రంగా మారి, సగ్గుబియ్యంలా గింజలు గింజలుగా తయారవుతాయి. అక్కడివాళ్లు దాన్ని కార్న్ అంటారు. పొద్దున అది రాయి. ఎండ తగిలాక పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడ్డప్పుడు స్కీ దాని మీద వెన్న మీద కత్తిలా... సరే, ఆ పోలికలు వద్దు, హాయిగా తిరుగుతుంది. ఇంకో గంటన్నర ఆగితే మోకాలి లోతు బురద, దాంతోపాటే తడిమంచు జారిపడే ప్రమాదం, నెర్రెల మీది కప్పులు బలహీనపడటం. మంచు చరియలు జారే ప్రమాదం గురించి వాయవ్య అవలాంచ్ సెంటర్ ఇచ్చే రోజువారీ హెచ్చరికలు చలికాలంతో పాటే ఏప్రిల్‌లో ఆగిపోతాయి. మే నెలలో మన అంచనా మనమే వేసుకోవాలి, లేదా వేయగలిగినవాళ్లతో వెళ్లాలి. మాకు కుదిరిన వారంలో రెండు సార్లు వాయిదా వేసి, మూడోసారి అనుకున్న తేదీకి ఖాయం చేసింది మా గైడే. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. తక్కువ మాటలు, నిదానమైన నడక.

మేం నలుగురం. గైడు, నేను, తమ్ముడు, వాడి రూమ్మేట్. ఆ రూమ్మేట్‌ది నర్సరావుపేట. స్కీయింగ్‌లో మా ముగ్గురిలో వాడే ఘనుడు, మాటల్లోనూ.

షర్మన్ క్రేటర్ అనే అగ్నిపర్వతపు గొయ్యి పక్కగా, దక్షిణం వైపు ఈస్టన్ హిమానీనదం మీదుగా ఎక్కడం మా ప్లాను. దారి మొదలయ్యేది ష్రైబర్స్ మెడో దగ్గర, సుమారు 3,300 అడుగుల ఎత్తులో. అక్కడికి చేరకముందే రోడ్డు మీద మంచు అడ్డొచ్చింది, కారు అక్కడే పెట్టేశాం. రాత్రి రెండు గంటలకి తలలైట్లు వెలిగించుకుని బయల్దేరాం. బయల్దేరేముందు ఒక్కొక్కరి బీకన్ పనిచేస్తోందో లేదో గైడు పరీక్షించింది. మంచు కింద ఎవరైనా కూరుకుపోతే మిగతావాళ్లు వెతికి పట్టుకునేది దాని సిగ్నల్‌తోనే. దాంతోపాటు ప్రతివాళ్ల దగ్గరా మంచులో గుచ్చి చూడటానికి ఒక మడత కర్ర, తవ్వడానికి ఒక పార ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకున్నా మిగతా రెండూ దండగ.

స్కీలతో పైకెక్కడం ఎలా అని చాలామంది అడిగారు. స్కీ అడుగున స్కిన్ అనే పట్టీ అంటిస్తారు. ఒకవైపు జిగురు, ఇంకోవైపు నైలాన్ లేదా మొహైర్ (ఒక రకం మేక ఉన్ని) నూగు. పూర్వం నిజంగానే సీల్ జంతువు తోలు వాడేవారట, పేరు అలా నిలిచిపోయింది. నూగంతా వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ముందుకి జారుతుంది, వెనక్కి పట్టేస్తుంది. బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగిసి ఉంటుంది, మడమ లేస్తుంది. కాలు ఎత్తకూడదు, మంచు మీద ఈడ్వాలి. ఇదొక్కటి ఒంటికి పడితే సగం అలసట తగ్గుతుంది. మెట్ల మీద సాధన చేసిన నాకు ఎత్తడం అలవాటు, మొదటి గంటంతా వెనక నుంచి తమ్ముడు "ఈడ్చక్కా, ఈడ్చు" అని పోరుతూనే ఉన్నాడు.

అడవిలో పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. చీకటి, సల్ఫర్ క్రీక్ నీళ్ల చప్పుడు, చెట్ల మొదళ్ల చుట్టూ గోతులు. చెట్లు పలచబడ్డాక రైల్‌రోడ్ గ్రేడ్ అనే మొరెయిన్ వస్తుంది. హిమానీనదం ఒకప్పుడు తోసుకొచ్చి పక్కన పోసిన రాళ్లూ మట్టీ, పేరుకు తగ్గట్టే రైలు కట్ట వాలులో పైకి సాగుతుంది. దాని పక్క వాలులోనే నాకు కిక్ టర్న్ పరీక్ష. మలుపు దగ్గర ఆగి, పైకి ఉన్న స్కీని గాల్లోకి లేపి, పూర్తిగా అటు తిప్పి మంచు మీద పెట్టాలి. ఒక క్షణం పాదాలు రెండూ వ్యతిరేక దిక్కుల్లో ఉంటాయి. అప్పుడు బరువంతా ఆ కొత్త కాలి మీద వేసి, వెనక కాలి మడమని విదిలిస్తే స్కీ కొస లేస్తుంది, దాన్ని తెచ్చి పక్కన పెట్టాలి. వాలు గట్టిపడి ఉంటే ఆ ఒక్క క్షణమే గుండె నోట్లోకి వస్తుంది. గైడు చెప్పింది ఒకటే: "కొండ వైపు ఒరగకు. భయపడి ఒరిగితే స్కీ అంచు పట్టు వదులుతుంది." నిజం. నిటారుగా నిలబడితే పట్టింది. మంచు ఇంకా గట్టిపడ్డాక బూటుని స్కీకి బిగించే బైండింగ్ కింద స్కీ క్రాంపాన్లు తగిలించుకున్నాం. అవి పళ్లున్న రేకులు, అడుగు వేసినప్పుడల్లా కరకరమంటాయి. ఆ చప్పుడు వింటే ధైర్యంగా ఉంటుంది.

అయిదుంపావు ప్రాంతంలో, ఆరు వేల అడుగుల దగ్గర, తెల్లారింది. అక్కడే తాడు కట్టుకున్నాం. మనిషికీ మనిషికీ మధ్య తాడుకి ముడులు వేసింది గైడు. ఎవరైనా పడితే ఆ ముడి నెర్రె అంచులో చిక్కుకుని పట్టు దొరుకుతుందని. నలుగురున్న తాడుకి మధ్యలో నేను. ముందున్నవాళ్ల వేగం, వెనకున్నవాళ్ల వేగం రెండూ చూసుకుంటూ తాడు మరీ బిగియకుండా, మరీ వదులు కాకుండా నడవాలి. వదులైతే పడినవాళ్లు అంత దూరం ఎక్కువ పడతారు. నర్సరావుపేట అబ్బాయి మధ్యమధ్యలో ఫొటోకి ఆగితే తాడు నా నడుముని వెనక్కి లాగేది. రెండోసారికే గైడు వాడి ఫోను బ్యాగులో పెట్టించింది.

ఏడున్నర వేల అడుగులు దాటాక గైడు ఆగింది. ఎదురుగా మంచులో అడ్డంగా ఒక చిన్న పల్లం, జాన లోతు కూడా లేదు. పక్కవాలు వెలుతురు పడబట్టి కనిపించింది గానీ నడినెత్తిన ఎండ ఉంటే తెలిసేది కాదు. మడత కర్ర విప్పి గుచ్చుకుంటూ వెళ్లింది. మొదట రెండు చోట్ల కర్ర గట్టిగా ఆగింది. మూడో చోట మీటరున్నర దాకా బిగువుగా దిగి, ఒక్కసారిగా సర్రున పిడి దాకా పోయింది. కింద ఖాళీ. కర్ర పైకి తీసిన కంత చుట్టూ నీలం రంగు, కొంచెం వంగి చూస్తే కిందికి పోనుపోను ఆ నీలం చిక్కబడుతోంది. ఆవిడ పక్కకి జరిగి, కప్పు మందంగా ఉన్న చోటు చూసి, నెర్రెకి అడ్డంగా సూటిగా దాటింది. తాడు బిగించి ఒక్కొక్కరం. స్కీలు పొడుగ్గా ఉండటం వల్ల బరువు పరుచుకుంటుంది, నడిచి దాటడం కంటే ఇది నయం అని తెలుసు. తెలిసినా దాటుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాను. అవతలికి చేరాక వెనక్కి తిరిగి తమ్ముడి తాడు పట్టుకున్నాను. అప్పుడు టెన్షన్ ఇంకా ఎక్కువైంది.

షర్మన్ క్రేటర్ ముందు ముక్కుకి తెలిసింది, తర్వాత కంటికి. కుళ్లిన కోడిగుడ్డు కంపు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. 9,500 అడుగులు దాటాక ఎడం పక్కన శిఖరం, కుడి పక్కన పెద్ద గొయ్యి. చుట్టూ అంత మంచు ఉన్నా లోపల కొన్ని చోట్ల బోడి నేల, పసుపుపచ్చ మరకలు, రెండు మూడు చోట్ల నుంచి ఆగకుండా ఆవిరి. 1843లో ఇక్కడ పేలుడు జరిగింది. 1975లో ఒక్కసారిగా ఆవిరి పెరిగి, మంచు కరిగి గొయ్యిలో నీటి మడుగు కట్టింది. బురద ప్రవాహాలు వస్తే ముప్పని కింద బేకర్ లేక్ జలాశయంలో నీటిమట్టం తగ్గించారు, ఒడ్డున క్యాంపులు మూసేశారు. ఆ తర్వాత లావా రాలేదు, ఆవిరి మాత్రం మానలేదు. గాలి మా వైపు తిరిగినప్పుడు కళ్లు మండాయి. గైడు అక్కడ కూర్చోనివ్వలేదు. కాస్త ఎగువగా, గాలి సోకని చోట ఆపింది.

అక్కడ ఫ్లాస్కు తీసి అమ్మమ్మ పానకం పోసుకున్నాను. వేడివేడి నీళ్లలో కలిపింది కాబట్టి శొంఠి ఘాటు గొంతులో దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. అక్కడివాళ్ల ఎనర్జీ జెల్ అప్పటికే రెండు మింగి ఉన్నాను, తీపికి నోరు జిడ్డు కట్టి ఉంది. పల్లీ చెక్క మాత్రం చలికి రాయై కూర్చుంది, కొరికితే పన్ను ఊడేట్టుంది. చేగోడీలు బతికిపోయాయి. గైడు కూడా పానకం ఒక మూత తాగి, ఇంకో మూత అడిగింది. ఆ మాట తర్వాత ఫోన్‌లో చెబితే అమ్మమ్మ పొంగిపోయింది.

చివరి వాలు రోమన్ వాల్. అంత నిటారు మీద స్కిన్స్ పట్టవు. స్కీలు బ్యాగుకి కట్టి, బూట్లకి క్రాంపాన్లు తగిలించి, ఐస్ యాక్స్ చేతిలో పట్టుకుని ఎక్కాం. నన్ను నిజంగా పిండేసింది ఇదే. వీపు మీద స్కీల బరువు, పల్చటి గాలి, పది అడుగులేస్తే ఒక ఆగు. సముద్రమట్టం మనిషికి ఈ ఎత్తులో తల పట్టేసినట్టుండటం మామూలే, వాంతులు, తూలుడు లాంటివి ఉంటే మాత్రం దిగిపోవాలి. నాకు తలనొప్పితో సరిపోయింది. వాలు అయిపోయాక పైన మైదానంలా విశాలంగా ఉంటుంది. దాని అవతలి అంచున చిన్న దిబ్బ, అదే అసలు శిఖరం, గ్రాంట్ పీక్. పదిన్నరకి దాని మీద నిలబడ్డాం. తూర్పున షుక్సాన్, దక్షిణాన దూరంగా రైనియర్, పడమర సముద్రంలో దీవులు, ఉత్తరాన కెనడా కొండలు. ఫొటోల్లో నేను నవ్వుతున్నది అక్కడే. చేతి వేళ్లకి స్పర్శ తెలియడం లేదు, నవ్వు మాత్రం నిజమే.

ఇక దిగుదామా అని నేను స్కీలు తొడుక్కోబోతుంటే గైడు కూర్చోమంది. బూటు మడమతో మంచుని తన్ని చూపించింది. గీత కూడా పడలేదు. "ఇప్పుడు దిగితే గాజు మీద దిగినట్టు. పడితే ఆగడం ఉండదు." మరి ఎంతసేపు? "ఎండనే అడగాలి." ఇక్కడే ఉంది అసలు తిరకాసు. శిఖరం దగ్గర చలి, గాలి, పైపొర మెత్తబడటానికి పదకొండు, పదకొండున్నర అవుతుంది. కానీ అదే సమయానికి నాలుగు వేల అడుగుల కింద మంచు ఎప్పుడో మెత్తబడి నీళ్లవుతూ ఉంటుంది. పైన ఉడకాలి, కింద అడుగంటకూడదు. ఒకే పొయ్యి మీద రెండూ కుదరవు. ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. ఆవిడ రాజీ ఎలా పడిందంటే, నిటారుగా ఉండి పడితే ఆగని రోమన్ వాల్ మెత్తబడేదాకా ఆగడం, కింద చదునుగా ఉండే చోట బురదని భరించడం. పడితే ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడ మంచి మంచు కావాలి అన్నది ఆవిడ లెక్క. నాకు చాలా నచ్చింది. ఆ మధ్యలో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని దాటి గాజు మంచు మీదే గరగరమంటూ దిగిపోయారు, బాగా వచ్చినవాళ్లే. నర్సరావుపేట వాడికి కాళ్లు దురద పెట్టాయి. గైడు వాడి వైపు చూసింది, అంతే.

ఆ గంటలో చేసిన పనల్లా మంచుని తన్ని చూడటం, మొహానికి ఎండ తగలకుండా జింకు క్రీము రాసుకోవడం. ఎండ పై నుంచే కాదు, మంచు మీద పడి తిరిగి కింది నుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల లోపల, చెవుల వెనక కూడా రాయాలి. నల్లద్దాలు తీసేసి తిరిగితే సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతుంది. బందరు రోడ్డు మీద జూన్ ఎండకి తట్టుకున్న మొహం కదా అనుకుంటే కుదరదు.

పదకొండూ ఇరవైకి ఆవిడ మడమ కింద మంచు చిన్న చప్పుడు చేసి లోపలికి దిగింది. వేలితో గీకితే గింజలు విడివిడిగా రాలాయి. "పదండి."

దిగేటప్పుడు తాడు వాడలేదు. తాడుతో స్కీ చేయడం నలుగురికీ ప్రమాదమే, ఒకరు పడితే అందరూ పడతారు. దాని బదులు ఎక్కిన జాడ పక్కనే, దూరందూరంగా, ఒకరి తర్వాత ఒకరు. తాడు తగిలించుకునే నడుము పట్టీ, హార్నెస్, మాత్రం ఒంటి మీదే. రోమన్ వాల్ మొదటి మలుపు దగ్గర కాళ్లు వణికాయి. రెండో మలుపుకి అంచు మంచులోకి దిగి, బరువు పెట్టినకొద్దీ మెత్తగా పట్టి, వదిలితే వదిలింది. నాలుగో మలుపు నుంచి నేను లెక్కపెట్టడం మానేశాను. రెండు గంటలు గసపోస్తూ ఎక్కిన వాలు కొన్ని నిమిషాల్లో వెనకపడింది. క్రేటర్ పక్క నుంచి హిమానీనదం మీదికి వచ్చాక వాలు తగ్గి, వెడల్పు పెరిగి, ఎటు చూసినా తిరగడానికి చోటే. తమ్ముడు కేకలు పెడుతున్నాడు. నేనూ పెట్టాను. పటమటలో అలా అరిస్తే పక్కింటివాళ్లు వస్తారు.

పొద్దున కర్ర గుచ్చిన పల్లం దగ్గర మాత్రం అందరం ఆగి, ఒక్కొక్కరం, ఆగకుండా, మలుపు తిప్పకుండా, సూటిగా దాటాం. ఆరు వేల అడుగుల కింద గైడు చెప్పినట్టే అడుగంటింది. స్కీలు కూరుకుపోయి ముందుకి తూలడం, పక్క వాలుల నుంచి ఉండలు ఉండలుగా మంచు దొర్లడం. ఆ వాలుల కింద నిలబడొద్దని గైడు తరిమింది. మెడోలో చదును, జారడం లేదు, ఈడ్చుకుంటూ రావడమే. కారు దగ్గరికి రెండున్నరకి చేరాం. అప్పుడు విజయవాడలో తెల్లారుజామున మూడు, అయినా నాన్న ఫోను ఒక్క రింగుకే ఎత్తారు. "పన్నెండుకి ఎక్కడున్నావు?" అన్నది మొదటి ప్రశ్న. సగం కొండ దిగేశానని చెప్పాను, టైముతో సహా ఫొటో పంపమన్నారు.

ఖర్చు సంగతి. విమానం టికెట్లు పక్కన పెడితే ఎక్కువ పోయింది గైడుకే, ముగ్గురం పంచుకున్నాం. అక్కడ తగ్గించుకోవాలని చూడకండి. స్కీయింగ్ అసలు రానివాళ్లు నేరుగా ఇక్కడికి రావడం జరిగే పని కాదు. మన దేశంలో అయితే గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్, మౌంటెనీరింగ్ సంస్థ కోర్సులు ఉన్నాయి, ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది. ముందు అక్కడ అన్ని రకాల మంచు మీదా భయం లేకుండా మలుపులు తిప్పడం రావాలి, ఎత్తు ఎక్కడం దాని తర్వాత. స్కీలు, స్కిన్స్, బీకన్, ఐస్ యాక్స్ అన్నీ సియాటిల్‌లో అద్దెకి దొరుకుతాయి, మంచివే ఇస్తారు. బూట్లు మాత్రం అద్దెవి తీసుకోకండి. పన్నెండు గంటలు వేరేవాళ్ల పాదం ఆకారంలో ఉండలేం. తమ్ముడి రూమ్మేట్ అద్దె బూట్లే తెచ్చుకున్నాడు, దిగాక సాక్సు విప్పితే మడమల మీద చర్మం సాక్సుతో పాటే వచ్చింది.